చప్పటి ఇసుక

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర, ఒళ్ళో గుడ్డసంచి. కింద దుకాణానికి వచ్చినవాడేమో అనుకుని పక్కనుంచి పైకి వెళ్ళబోతుంటే "కరుణమ్మా, నన్ను పోల్చుకోలేదేటి?" అన్నాడు. గొంతు విన్నాక గుర్తుపట్టాను. అప్పలస్వామి మేస్త్రి. శ్రీకాకుళంలో మా ఇల్లు కట్టినవాడు. ఒకప్పుడు పరంజా మీద నిలబడి కేకేస్తే వీధి చివరి దాకా వినబడేది. ఇప్పుడు మా ఆయన ఒక చెయ్యీ నేనొక చెయ్యీ పట్టుకుని మెట్లెక్కించాల్సి వచ్చింది. మనవరాలి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడట. ముందు మా పాత వీధికి వెళ్ళి, అక్కడ ఇల్లు కనబడక, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇక్కడికి చేరాడట.

"ఇల్లేటైపోనాదమ్మా? ఆ జాగాలో ఎవులిదో మూడంతస్తులు లేసి ఉన్నాది," అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

కట్టినవాడికి ఆ ఇల్లు ఏమైందో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, వంటగదిలో కుండ పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆ ఇల్లు ఎందుకు పోయిందని ఎవరడిగినా ఇన్నేళ్ళూ నేను ఒకటే జవాబు చెప్పుకుంటూ వచ్చాను. నా నాలుక వల్ల పోయింది. నేను ఎవరినో ఏదో అని గొడవ తెచ్చుకున్నానని జనం అనుకుంటారు. నేను చెప్పేది రుచి చూసే నాలుక గురించి. అది అర్థం కావాలంటే మా ఊరి నీళ్ళ సంగతి చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది కళింగపట్నంలో. వంశధార సముద్రంలో కలిసే చోటుకి మా ఇల్లు బాగా దగ్గర. పోటు వచ్చినప్పుడు ఏటి నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చి, మా పెరటి వెనక కాలవ దాకా ఎక్కేవి. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఎండుచేపల వాసన వచ్చేది, కానీ అది వాసనని మాకు తెలిసేది కాదు. నాన్నకి ఒక పడవలో వాటా ఉండేది, మిగతా రోజుల్లో ఎండుచేపల బేరం. చర్చిలో సంఘపెద్ద. పొద్దున్నే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా బావి దగ్గరికి వెళ్ళి చేద వేసి, నిలబడే ఒక చెంబు నీళ్ళు గటగటా తాగి, తువ్వాలుతో మీసం తుడుచుకున్నాకే ఆయనకి నోట్లోంచి మాట వచ్చేది. మా వీధికి రెండు బావులు ఉండేవి. సముద్రం వైపున్నది బట్టలకీ గిన్నెలకీ. చర్చి వెనకున్నది తాగడానికి, దాన్ని మేమంతా మంచినీళ్ళ బావి అనేవాళ్ళం. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ నీళ్ళు నోట్లో పోసుకుని మింగలేక కక్కలేక అవస్థ పడుతుంటే పిల్లలం చాటుకి పోయి నవ్వుకునేవాళ్ళం. పట్నం వాళ్ళకి నీళ్ళు తాగడం కూడా చేతకాదు అనుకునేవాళ్ళమే తప్ప, మా నీళ్ళలో ఏదో ఉందని ఒక్కసారి కూడా తోచలేదు.

నా పెళ్ళి శ్రీకాకుళం బడిపంతులుతో జరిగింది. నా ఉద్యోగం కూడా బడిలోనే, కాకపోతే మా ఊరి పక్కనే. అందుకని పెళ్ళయ్యాక ఆయనే కళింగపట్నం వచ్చారు. నాన్న ఇంటికి నాలుగిళ్ళ అవతల అద్దెకున్నాం. ఆయన రోజూ స్కూటర్ మీద శ్రీకాకుళం వెళ్ళి వచ్చేవారు, సాయంత్రం వచ్చేటప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బాతో తనకి మాత్రం అక్కడి నాగావళి నీళ్ళు తెచ్చుకునేవారు. వీధిలో అదొక వేడుక. "మా అల్లుడు మన పిల్లని సేసుకున్నాడు గానీ మన నీళ్ళని సేసుకోలేదు," అని నాన్న అందరి ముందూ ఆటపట్టించేవాడు. ఆయన సిగ్గుపడి నవ్వేసేవారు. మా కొత్త కాపురంలో నేను మొదటిసారి ఎండు నెత్తళ్ళ చేపలూ వంకాయా కలిపి కూర వండి పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. ఉప్పు సరిపోయిందా అని అడిగాను. "సరిపోయింది," అన్నారు. అని, డబ్బాలోంచి మూడు గ్లాసుల నీళ్ళు వరసగా తాగారు. ఎంత మంచివాడు దొరికాడు నాకు అని ఆ రోజు మురిసిపోయాను.

అలా చాలా ఏళ్ళు గడిచాక, మా అమ్మాయి చదువుకి పట్నమే మేలని, శ్రీకాకుళం చివర లేఅవుట్‌లో నాలుగు సెంట్లు కొన్నాం. నాకూ శ్రీకాకుళం దగ్గరకే బదిలీ అవుతుందని తెలిసింది. బ్యాంకు అప్పు పుట్టింది, పునాదులు లేచాయి. సొంత ఇల్లంటే నాకు పిచ్చి. వంటగది కిటికీ ఎటుండాలి, గట్టు ఎంత ఎత్తుండాలి, రోలు ఎక్కడ పెట్టుకోవాలి అని స్కూల్లో పిల్లల నోటు పుస్తకాల వెనక బొమ్మలు గీసుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే ఇసుక దొరకడం గగనమైపోయింది. నాగావళిలో తీయనివ్వడం లేదు. ఎక్కడో దొరికినా లారీవాడు చెప్పే ధర వింటే కళ్ళు తిరిగేవి. నెలన్నర పని ఆగిపోయింది. ఈ సంగతి నాన్న చెవిన పడింది.

"నాకు సెప్పొద్దేటమ్మా? మన యేటి ఒడ్డున కొండలా పడి ఉన్నాది ఇసక. నా కూతురింటికి ఇసక లేదంటే నలుగురూ నవ్వరా?" అని ఫోన్లోనే కోప్పడ్డాడు.

నాలుగో రోజు పొద్దున్న మూడు ట్రాక్టర్లు వచ్చాయి. మొదటి ట్రాక్టరు మీద డ్రైవరు పక్కన నాన్న. ఆదివారం చర్చికి తొడిగే తెల్ల చొక్కా తొడుక్కుని, ఒళ్ళో ఎండు నెత్తళ్ళ మూట పెట్టుకుని, ఊరేగింపులో వస్తున్నట్టు వచ్చాడు. పెళ్ళిలో నాకేమీ పెట్టలేకపోయానని ఆయనకి లోపల ఒక బాధ ఉండేది. ఆ బాధంతా ఆ రోజు ఇసుకతో తీర్చుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అప్పలస్వామి మేస్త్రి వచ్చి ఇసుక తీసి అరచేతిలో రుద్ది చూశాడు. చేతికి మట్టి అంటలేదు. తర్వాత ఇంకో చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఇసుకలో ఉప్పుందో లేదో మేస్త్రులు అలాగే చూస్తారని నాకు అప్పుడే తెలిసింది. చప్పరించి, పక్కకి ఉమ్మేసి, మా ఆయన వైపు తిరిగాడు.

"బాబూ, ఉప్పదనం తగుల్తన్నాది."

నాన్న మొహం నల్లబడిపోయింది. "యేటి ఇసకయ్యా ఇది. సంద్రంది అనుకున్నావా? మా ఊల్లో ఇల్లన్నీ దీంతోనే కట్టినాం," అని తనూ చిటికెడు నోట్లో వేసుకున్నాడు. "సప్పగా ఉన్నాది. అమ్మా, నువ్వు సూడు," అని చెయ్యి నా ముందు చాచాడు.

అక్కడున్న కూలీలంతా నన్నే చూస్తున్నారు. నాన్న అరచేతిలోంచే తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. పళ్ళ కింద కరకర తప్ప ఏమీ తెలియలేదు. ఒట్టు, ఏమీ తెలియలేదు. "చప్పగానే ఉంది మేస్త్రీ. మా నాన్న అబద్ధమాడి మాకు ఉప్పు ఇసుక తెస్తాడా?" అన్నాను. నా గొంతులో ఉన్న పొగరు ఇప్పటికీ నాకు వినబడుతుంది. మేస్త్రి తల దించుకున్నాడు. "కరుణా, మావయ్య ఎండలో వచ్చేరు, మజ్జిగ తే," అన్నారు మా ఆయన. పక్కింటివాళ్ళని అడిగి మజ్జిగ కలుపుకుని వచ్చేసరికి ట్రాక్టర్లు ఇసుక దింపేస్తున్నాయి. మొదటి రెండు లోడ్లనీ మా ఆయన తొట్టిలో పోయించి నీళ్ళతో కడిగించారు. మట్టి పోవడానికని చెప్పారు. మట్టే లేని ఇసుకని ఎందుకు కడుగుతున్నారని నేను అడగలేదు. తర్వాత ట్యాంకరు నీళ్ళు దొరకక అది కూడా మానేశారు.

రాష్ట్రం రెండయిన ఏడాది మేము ఇంట్లోకి వెళ్ళాం. పాస్టరుగారు వచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. నాన్న గది గదికీ తిరిగి గోడల మీద చెయ్యేసి నిమిరాడు. ఆ మొదటి ఏడాది సంతోషం గురించి నేను రాయలేను, రాస్తే ఏడుపు వస్తుంది. పొద్దున్నే వంటగది కిటికీలోంచి ఎండ సరిగ్గా నేను గీసుకున్న గట్టు మీదే పడేది. కుళాయిలో నాగావళి నీళ్ళు వచ్చేవి. మొదట్లో ఎంత తాగినా నాకు దాహం తీరేది కాదు, ఏదో తక్కువైనట్టుండేది. ఆయన డబ్బా పాత సామాన్లలోకి వెళ్ళిపోయింది. ఇద్దరం ఒకే నీళ్ళు తాగడం అదే మొదలని నవ్వుకున్నాం.

రెండో వానాకాలానికి గోడల అడుగున తెల్లటి నూగు పుట్టింది. తుడిస్తే పోయేది, వారానికి మళ్ళీ వచ్చేది. సున్నం అనుకున్నాను. తర్వాత రంగు బుడగలు కట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. రోజూ ఇల్లు ఊడ్చేటప్పుడు గోడ వెంబడి చీపురు వేస్తే చేట నిండా తెల్లటి పొడి. క్యాలెండరు మేకు దానంతటదే జారి పడిపోయేది. ఒకరు పుట్టీ పెట్టమన్నారు, ఒకరు ఖరీదైన రంగు వేయమన్నారు, రంగుల దుకాణం అతను తారు పూయమన్నాడు. జీతాలు వచ్చినవి వచ్చినట్టు గోడలకే పూశాం. పాత నోట్లు మార్చుకోవడానికి బ్యాంకు ముందు గంటల తరబడి నిలబడి వచ్చిన రోజున, పడకగదిలో ఫ్యాను కొక్కెం పక్కనుంచి పళ్ళెమంత పెచ్చు మంచం మీద పడి ఉంది. పైన చూస్తే ఎర్రగా తుప్పు పట్టిన ఇనుప చువ్వలు. మేస్త్రి మాట అప్పుడు గుర్తొచ్చింది, గోడలకి పుట్టింది సున్నం కాదు, ఇసుకలో ఉన్న ఉప్పు. అప్పటినుంచి మంచం పైన నా పాత నేతచీర ఒకటి నాలుగు మూలలా కట్టి, దాని కింద పడుకునేవాళ్ళం. శనివారం శనివారం ఆ చీర దింపి, పడిన రాళ్ళూ పొడీ పెరట్లో దులిపి, మళ్ళీ కట్టేదాన్ని. విజయనగరం హాస్టల్లో ఉండే అమ్మాయి సెలవులకి వస్తే స్నేహితురాళ్ళు ఎవరినీ వెంట తెచ్చేది కాదు. ఎందుకని నేను అడిగేదాన్ని కాదు.

ఆ రోజుల్లోనే వంట చేస్తుంటే నా నాలుక మీద నాకు నమ్మకం పోయింది. గరిటెతో ఆయన దగ్గరికి వెళ్ళి "ఉప్పు చూడండి" అనేదాన్ని. ఆయన వేలు ముంచి నాలుకకి తాకించుకుని "సరిపోయింది" అనేవారు. కూరకీ చారుకీ పచ్చడికీ అంతే. ఒక్కసారి కూడా ఎక్కువైందనో తక్కువైందనో అనలేదు. గోడల గురించి కూడా అంతే. ఆ ఇల్లు అలా రాలిపోతున్నా నన్ను గానీ మా నాన్నని గానీ ఆయన ఒక్క మాట అనలేదు. అనకపోవడం నన్ను మరీ కాల్చేది. ఒక్కసారి అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, తేలికపడేదాన్ని. ఆయన మంచితనం కింద నేను నలిగిపోయాను. చీర కొనుక్కోవడం మానేశాను, నాకు ఇది కావాలని నోరు తెరిచి అడగడం మానేశాను. తప్పు చేసినదాన్ని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

నా కోపమంతా నాన్న మీదకి తిరిగింది. పెచ్చు పడిన సంగతి విని పరుగున వచ్చాడు, చేతిలో ఎప్పటిలాగే నెత్తళ్ళ మూట. గుమ్మంలోనే నిలదీశాను. "నీ ఇసుకతో మా కొంప ముంచేశావు నాన్నా. ఉప్పని మేస్త్రి మొత్తుకున్నాడు, విన్నావా?" నాన్న గోడ దగ్గరికి వెళ్ళి ఆ తెల్లపొడి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. మళ్ళీ ఇంకొంచెం తీసుకున్నాడు.

"నాకేటీ తెలీడం లేదమ్మా," అన్నాడు. "ఇది ఉప్పేటి?"

బుకాయిస్తున్నాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. "ఇంక మా ఇంటికి రాకు," అన్నాను. ఆ మాట నేనే అన్నాను, నా సొంత తండ్రిని, గుమ్మంలో నిలబెట్టి. మూట అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన వెనకాలే వెళ్ళి బస్సెక్కించి వచ్చారు. ఆ తర్వాత రెండు క్రిస్మసులకి నేను కళింగపట్నం వెళ్ళలేదు. ఆయన ఒక్కరే వెళ్ళి, కొత్త పంచె ఇచ్చి వచ్చేవారు. నాన్న బాగున్నాడా అని కూడా నేను అడిగేదాన్ని కాదు, అడగకుండా ఉండడమే శిక్ష అనుకున్నాను. ఎవరికి శిక్షో తర్వాత తెలిసింది. ఒక పొద్దున్న బావి దగ్గర చేద వేస్తూ వేస్తూ కూలిపోయాడట. మేము వెళ్ళేసరికి పెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు, తెల్ల చొక్కా తొడిగి.

సమాధి చేసి వచ్చాక గొంతెండిపోయి, అలవాటుగా మంచినీళ్ళ బావి దగ్గరికి వెళ్ళి నాన్న చెంబుతోనే నీళ్ళు తాగబోయాను. గుక్కెడు నోట్లోకి వెళ్ళిందో లేదో ఉమ్మేశాను. ఉప్పు. సముద్రం నీళ్ళలా కాదు గానీ, మింగుడు పడనంత ఉప్పు. పుట్టినప్పటినుంచీ నేను తాగిన నీళ్ళే అవి. మూడు నాలుగేళ్ళు నాగావళి నీళ్ళు తాగేసరికి నా నాలుక మారిపోయింది. నాన్న నాలుక మారడానికి ఆయన ఎక్కడికి వెళ్ళాడు? గోడ ముందు నిలబడి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకేమీ తెలియలేదు. ఇసుక దింపిన రోజున నాకూ తెలియలేదు. ఆ బావి గట్టు మీదే కూర్చుండిపోయాను. క్షమించమని అడగడానికి మనిషి లేడు.

తర్వాతి ఏడాది వచ్చిన తుఫానుకి హాలు కప్పు ఒక మూల కుంగింది. తెలిసిన ఇంజనీరు ఒకాయన వచ్చి ఇనుప కడ్డీతో కప్పంతా తట్టి చూశాడు. తట్టిన చోటల్లా డొల్ల శబ్దమే. బాగుచేయడం కంటే పడగొట్టడం నయం అన్నాడు. స్థలం ధరకే అమ్మేశాం. ఇల్లు పోయింది గానీ అప్పు వాయిదాలు ఇంకా చాలాకాలం జీతంలోంచి పోతూనే ఉన్నాయి. ఇప్పుడు ఈ ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో ఉంటున్నాం. గోడలు గట్టివి, తెల్లగా ఉంటాయి, రాలవు. అప్పుడు నా గోడకి మేకు నిలిచేది కాదు, ఇప్పుడు మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళని అడగాలి. అక్కడ చీర కింద పడుకుని పైనుంచి రాళ్ళు రాలుతున్న చప్పుడు వింటూ కూడా ఇది నాది అనుకునేదాన్ని. ఇక్కడ ఏ చప్పుడూ లేదు, నాది అనుకోవడానికి ఏమీ లేదు.

నీళ్ళు తీసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి మా ఆయన మేస్త్రికి ఇంటి సంగతి చెప్పేసినట్టున్నారు. ముసలాయన తల ఊపుతూ కూర్చున్నాడు. గ్లాసు అందుకుని నా వైపు చూసి, ఓదార్పుగా అన్నాడు.

"మీరు బెంగెట్టుకోకండమ్మా. తెలిసే సేసినాం గదా, మరేటి సేస్తాం. ఆ రోజు మీరు మజ్జిగకని ఎల్లినారా, బాబు కూడా ఇసక నోట్లో ఏసుకున్నారు. 'నువ్వన్నది నిజమే మేస్త్రీ, ఉప్పే. కానీ మావయ్య ముందు మళ్ళీ ఆ మాట అనకు. కడిగి వాడు,' అన్నారు. రెండు లోడ్లు కడిగినాం. మరింక నీల్లేవీ?"

మా ఆయన పేపరు చేతిలోకి తీసుకున్నారు. చదవడం లేదు. మేస్త్రి ఇంకా ఏవో చెప్పాడు, మనవరాలి పెళ్ళికి తప్పక రమ్మన్నాడు, శుభలేఖ నా చేతిలో పెట్టాడు. మా ఆయన దగ్గరుండి మెట్లు దింపి, ఆటో ఎక్కించి వచ్చారు. నేను నిలబడినచోటే నిలబడి ఉన్నాను.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"మీ నాన్న తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చేరు కరుణా. నువ్వు అంతమందిలో చప్పగా ఉందన్నావు. నేనేటంటాను?"

"ఆ రోజు సరే. నేను నాన్నని గుమ్మంలోంచి పంపేసిన రోజు? ఆ రెండు క్రిస్మసులూ? అప్పుడైనా నాకు తెలుసు, తప్పు నాదీ అని ఒక్క మాట అంటే నేను వెళ్ళేదాన్ని కదా. నాన్న కాళ్ళ మీద పడేదాన్ని కదా."

"రోజూ చెబుదామనుకునేవాణ్ణి," అన్నారు. "రోజు రోజుకీ ఇంకా కష్టమైపోయింది. మావయ్య పోయేక ఇంకెందుకులే అనుకున్నాను."

నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒక దిక్కు ఉండాలి. ఇన్నేళ్ళూ మంచితనం అనుకుని నేను ఏ మౌనం కింద నలిగిపోయానో, అది ఆయన భయం. అందులో నాన్న మీద గౌరవం ఉంది, నా మీద ప్రేమ ఉంది, అన్నీ ఉన్నాయి. నాకు నాన్న దక్కడానికి కావలసిన ఒక్క మాట మాత్రం లేదు. పొయ్యి మీద చారు మరుగుతోంది. వంటగదిలోకి వెళ్ళాను. ఉప్పు డబ్బా తీసి గరిటెడు వేశాను. కలిపి, ఇంకో గరిటెడు వేశాను. ఒక చుక్క చారు నాలుక మీద వేసుకుంటే గొంతు పట్టేసింది. నా నాలుక ఇప్పుడు బాగానే పనిచేస్తోంది.

కంచం పెట్టి అన్నం వడ్డించి చారు పోశాను. ఎదురుగా కూర్చున్నాను. ఆయన కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు, మింగారు. రెండో ముద్ద పెట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉప్పుకో దేనికో నాకు తెలియదు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను.

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తాగేసి, కింద పెట్టారు.

"సరిపోయింది," అన్నారు.